దుబాయ్‌లో 6 రోజులు: దిర్హమ్‌లా, డాలర్లా, కార్డా? దేరాలో ఏం కొనాలి, ఎలా కొనాలి?

కొత్త_ప్రయాణం:
అందరికీ నమస్తే. అమ్మ, నాన్న, నేను వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాం, 6 రోజులు. టికెట్లు, హోటలు ఇక్కడే కట్టేశాం. చేతి ఖర్చుకీ కొనుగోళ్లకీ కలిపి లక్షన్నర అనుకున్నాం. డాలర్లు పట్టుకెళ్దామని నాన్న అంటున్నారు. కార్డు గీకితే పోలా అని నేను. అక్కడ బంగారం చవకట కదా అని అమ్మ. ఎవరి మాట వినాలి?

లెక్కల_పద్దు:
ముగ్గురి మాటా కొంత కొంత వినాలి. దుబాయ్‌లో బేరమాడి మిగుల్చుకునేది పదో పాతికో దిర్హమ్‌లు. రూపాయి దిర్హమ్‌గా మారే చోట పోయేది అంతకంటే ఎక్కువ, అది కంటికి కనబడదు కూడా. కాబట్టి ముందు మార్పిడి సంగతి తేల్చుకోండి, బేరాల మాట తర్వాత.

డాలరుకీ దిర్హమ్‌కీ ముడి వేసేసి ఉంది: 1 డాలరు = 3.6725 దిర్హమ్‌లు, 1997 నుంచి ఇంతే. దీనితో మీ ఊరిలో డబ్బు మార్చే డీలర్ చెప్పే రేటు సరైనదో కాదో ఒక్క గుణకారంలో తెలిసిపోతుంది. మాటవరసకి డీలర్ డాలరుకి 88 రూపాయలు, దిర్హమ్‌కి 24.60 చెప్పాడనుకోండి. 24.60ని 3.6725తో గుణిస్తే 90.34. అంటే దిర్హమ్ రూపంలో కొంటే డాలరు మీకు 90.34కి పడుతున్నట్టు. అదే 88కి డాలరు కొని దుబాయ్‌లో 3.65 చొప్పున మార్చుకుంటే దిర్హమ్ 24.11కి వస్తుంది. దిర్హమ్‌కి 49 పైసలు తేడా, 3,000 దిర్హమ్‌లకి 1,470 రూపాయలు. హైదరాబాద్ లాంటి చోట దిర్హమ్ రేటు బాగానే దొరకొచ్చు, చిన్న ఊళ్లలో తేడా పెరుగుతుంది. కాబట్టి నాన్నగారిది తప్పనీ ఒప్పనీ ముందే అనేయకండి, ఆ గుణకారం చేసి చూడండి.

రశీదులో జీఎస్టీ ఉంటుంది. మార్చే సొమ్ము 25,000 రూపాయల లోపైతే 45 రూపాయలు, 50,000కి 90. అంతకు మించి "సర్వీసు ఛార్జీ" అని ఏదైనా రాస్తే అది డీలర్ సొంత వడ్డింపు, వదులుకోమని అడగొచ్చు. 50,000 రూపాయలకి మించి మారిస్తే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. విదేశీ నోట్ల రూపంలో ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా తీసుకోవచ్చు. మన రూపాయి నోట్లయితే మనిషికి 25,000 దాటకూడదు.

దేరా_గల్లీ:
పద్దు అన్న మంచిగ జెప్పిండు. నాది ఒక్క మాట: ఎయిర్‌పోర్టుల మొత్తం మార్చకుండ్రి. అక్కడి కౌంటర్లల్ల రేటు తక్కువిస్తరు. టాక్సీకి, మంచినీళ్లకి సరిపోను ఇక్కడి నుంచే 200 దిర్హమ్‌లు పట్కపోండ్రి. మిగిలినయి ఊర్లకి వొయ్యినంక పాత బజార్లున్న దేరాలనో, బర్ దుబాయ్‌లనో ఎక్స్‌ఛేంజిల మార్చుకోండ్రి. రెండు మూడు దుకాండ్లు పక్కపక్కకే ఉంటయి, బోర్డు జూసి అడగుండ్రి. "100 డాలర్లిస్తే చేతికెన్ని దిర్హమ్‌లొస్తయి?" అని అడగాలె, "రేటెంత?" అని కాదు. రేటు జెప్పి ఎన్కకెల్లి కమీషన్ కోస్తరు.

ఎయిర్‌పోర్టు టాక్సీ మీటరు 25 దిర్హమ్‌లతోనే మొదలైతది, అది మోసం గాదు. సాలిక్ గేటు దాటితే టోలు మీటరు మీద పడ్తది. డ్రైవరుకు 500 నోటు ఇయ్యకుండ్రి, చిల్లర ఉండదు.

కొత్త_ప్రయాణం:
థాంక్స్ అన్నా. మరి కార్డు సంగతి? ఫోన్‌పే కూడా పనిచేస్తుందట కదా?

లెక్కల_పద్దు:
కార్డులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది బయల్దేరక ముందే. 2020 అక్టోబరు నుంచి మన కార్డులకి విదేశీ వాడకం మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో షాపు యంత్రానికీ, ఏటీఎంకీ, ఆన్‌లైన్‌కీ వేర్వేరుగా తెరవాలి, పరిమితి పెట్టాలి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ లేకపోతే ఆన్‌లైన్‌లో కట్టేవన్నీ ఆగిపోతాయి. షాపుల్లో మాత్రం పిన్ సరిపోతుంది.

రెండోది మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. లెక్క కోసం దిర్హమ్ 24 రూపాయలనుకుంటే 400 దిర్హమ్‌ల బిల్లు 9,600. మార్కప్ 336, జీఎస్టీ 60.48. మొత్తం 9,996.48 పడుతుంది. మార్కప్ లేని కార్డులు కొన్ని బ్యాంకులు ఇస్తున్నాయి. ఉంటే అదే పట్టుకెళ్లండి.

మూడోది అసలైన ఉచ్చు. కార్డు పెట్టగానే యంత్రం "రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా?" అని అడుగుతుంది. రూపాయల్లో మొత్తం చూపిస్తే తెలిసిన లెక్కలా హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ రేటు మీ బ్యాంకు వేసేది కాదు, ఆ యంత్రం నడిపేవాళ్లది, మార్జిన్ అందులోనే కలిపేసి ఉంటుంది. పైగా విదేశంలో రూపాయల్లో కట్టినా విడిగా రుసుము వేసే మన బ్యాంకులున్నాయి. అప్పుడు రెండు వైపులా కోతే. ఎప్పుడూ దిర్హమ్‌లే నొక్కండి. ఒక్కోసారి సేల్స్‌మన్ మిమ్మల్ని అడక్కుండానే రూపాయలు నొక్కేస్తాడు. స్లిప్ మీద రూపాయల మొత్తం కనబడితే సంతకం పెట్టకుండా రద్దు చేయించి మళ్లీ గీకించండి. ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న "మార్పిడితో, మార్పిడి లేకుండా" అన్న రూపంలో వస్తుంది. మార్పిడి లేకుండా అన్నదే ఎంచుకోవాలి.

ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) తీసుకుంటే దిర్హమ్‌లలోనే నింపించండి. డాలర్లలో నింపి దిర్హమ్‌ల దేశంలో గీకితే క్రాస్ కరెన్సీ పేరుతో మళ్లీ కోత పడుతుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎం జోలికి వెళ్లకండి, తీసిన రోజు నుంచే వడ్డీ. డెబిట్ కార్డుతో తీసినా ప్రతిసారీ విడి రుసుము కాబట్టి 200 చొప్పున ఐదుసార్లు కాకుండా ఒకేసారి 1,000 తీయండి.

యూపీఐ పనిచేస్తుంది కానీ అన్ని చోట్లా కాదు. నియోపే, నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ యంత్రాలున్న దుకాణాల్లో, ముఖ్యంగా పెద్ద మాళ్లలో క్యూఆర్ చూపిస్తారు. యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ముందుగా తెరిచి పెట్టుకోవాలి. పిన్ కొట్టే ముందు రూపాయల్లో ఎంతో చూపిస్తుంది, అప్పుడు ఆ రోజు రేటుతో పోల్చుకోవచ్చు. దాన్నొక్కదాన్నే నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు.

గోదారి_గాలి:
నగదు చేతికొచ్చాక ఒక చిన్న ఇబ్బంది ఉంటుందండి, పెద్దవాళ్లకి మరీను. నాణేల మీద అంకెలు అరబ్బీలోనే ఉంటాయి. వాళ్ల ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఒక చుక్క. కాబట్టి సున్నా పక్కన చుక్కలా కనిపించేది 50 ఫిల్స్. అంకె చదవలేకపోతే ఆకారం చూడండి: 50 ఫిల్స్ ఏడు పలకల నాణెం, 25 ఫిల్స్ చిన్న గుండ్రం, జింక బొమ్మ ఉంటుంది, 1 దిర్హమ్ మీద కాఫీ కూజా. దిర్హమ్‌కి 100 ఫిల్స్. 25 కంటే చిన్నవి వాడుకలో లేనట్టే, బిల్లు దగ్గరి పావుకి సర్దేస్తారు.

నోట్లకి ఒకవైపు ఇంగ్లీషు అంకెలుంటాయి కాబట్టి భయం లేదు. 20, 500 రెండూ నీలం. రాత్రి పూట టాక్సీలో తడబడకుండా 500లు విడిగా పెట్టమని నాన్నగారికి చెప్పండి. కాగితం నోట్లు, 2021 నుంచి వస్తున్న ప్లాస్టిక్ లాంటి నోట్లు రెండూ చెల్లుతాయి. కొత్త నోటు నున్నగా జారుతుంది, దొంగనోటని కంగారు పడకండి. ధరల బోర్డుల మీద రెండు అడ్డగీతలున్న ఇంగ్లీషు డి లాంటి గుర్తు కనిపిస్తే అది దిర్హమ్ గుర్తే, 2025లో పెట్టారు.

సూపర్ మార్కెట్‌కి సంచి పట్టుకెళ్లండి. వాడి పారేసే సంచులు 2024 జూన్ నుంచి దుబాయ్‌లో నిషేధం, గట్టి సంచి కావాలంటే కొనుక్కోవాలి.

పసిడి_కాటా:
ఇక అమ్మగారి ప్రశ్న. దుకాణం గుమ్మంలో అడుగు పెట్టేలోపు నాలుగు సంగతులు తెలిసుండాలి.

బంగారం ధర అన్ని దుకాణాల్లోనూ ఒకటే. 24, 22, 21, 18 క్యారెట్ల గ్రాము రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, రోజులో మారుతుంటుంది. దాని మీద బేరం లేదు. బేరమంతా మజూరీ మీదే. లెక్క కోసం 22 క్యారెట్ల గ్రాము 400 దిర్హమ్‌లనుకుందాం. 20 గ్రాముల గొలుసుకి బంగారం విలువ 8,000. మజూరీ 8 శాతమంటే 640. మొత్తం 8,640 మీద వ్యాట్ 5 శాతం 432. చెల్లించేది 9,072. మజూరీని 5 శాతానికి దింపగలిగితే 8,400 మీద వ్యాట్ 420, మొత్తం 8,820. అంటే 252 దిర్హమ్‌లు మిగిలాయి. మెషిన్‌లో పోసిన సాదా గొలుసుకి మజూరీ బాగా తగ్గిస్తారు, చేతి పనికి అంత తగ్గరు. కాసులపేరు, వంకీల్లాంటి మన డిజైన్లు అక్కడా ఉన్నాయి కానీ మజూరీ ఎక్కువ. ఆ పనికి మన ఊరి కంసాలే నయం అన్నది నా అభిప్రాయం.

"గ్రాముకి ఇన్ని దిర్హమ్‌లు, అంతా కలిపి" అని చెబితే ఒప్పుకోవద్దు. నికర బరువు, క్యారెట్, ఆ పూట రేటు, మజూరీ, రాళ్ల ధర, వ్యాట్ ఇలా విడివిడిగా బిల్లు మీద ఉండాలి. రాళ్ల నగలో మొత్తం బరువుకి బంగారం రేటు కట్టేస్తే గాజురాయిని బంగారం ధరకి కొన్నట్టే.

తులం మాటతో జాగ్రత్త. మన ఇళ్లలో తులమంటే 10 గ్రాములు. అక్కడ తోలా అంటే 11.66 గ్రాములు, 10 తోలాల బిళ్ల 116.64 గ్రాములు. "తోలా ఎంత?" అని అడిగి, విన్న ధరని ఇంటి దగ్గరి తులం ధరతో పోలిస్తే లెక్క తప్పుతుంది. గ్రాముల్లోనే అడగండి.

నాలుగోది, 99 శాతం ఆ పైన స్వచ్ఛత ఉన్న పెట్టుబడి బిళ్లలకి వ్యాట్ సున్నా. నగలకైతే 5 శాతం. మన దగ్గర నగ మీద జీఎస్టీ 3 శాతం. ఆ వ్యాట్ తిరిగి రాబట్టుకోకపోతే "అక్కడ చవక" అన్న మాటలో సగం గాలి పోయినట్టే.

చిట్టి_పద్దు:
ఆడవాళ్లకి 40 గ్రాములు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కదా, మరి అమ్మగారికి 20 గ్రాముల గొలుసుకి ఇబ్బందేముంది?

రెడ్‌ఛానల్:
ఉంది. ఆ 40 గ్రాములు (మగవాళ్లకైతే 20) ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్లకి. 6 రోజులు చూసొచ్చేవాళ్లకి ఆ మినహాయింపు వర్తించదు. ఎన్నారైల కోసం రాసిన సలహా వాట్సాప్‌లో తిరిగి తిరిగి అందరికీ వర్తిస్తుందన్నట్టు తయారైంది. తక్కువ రేటు సుంకంతో బంగారం తెచ్చుకునే వీలు కూడా కనీసం 6 నెలలు బయట ఉన్నవాళ్లకే. పర్యాటకులు నగ తెస్తే రెడ్ ఛానల్‌కి వెళ్లి బిల్లు చూపించి పూర్తి బ్యాగేజి సుంకం కట్టాలి. గ్రాము మీద అక్కడ మిగిలిన తేడా ఆ సుంకానికి చాలదు. మెడలో వేసుకుని వచ్చినా కొత్త నగ కొత్తదే. దాచిపెట్టి దొరికితే నగ జప్తు, పైన జరిమానా.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. అమ్మగారు ఇక్కడి నుంచే గాజులు, పుస్తెల తాడు లాంటి బరువైన బంగారం వేసుకుని వెళ్తుంటే, బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. నగలు, వాటి బరువు, వివరాలు రాసిస్తారు. తిరుగు ప్రయాణంలో "ఇది దుబాయ్‌లో కొన్నదా?" అని అడిగితే ఆ కాగితమే జవాబు. నగల ఫోటోలు, పాత బిల్లులు, బరువు చీటీ దగ్గరుంటే పని త్వరగా అవుతుంది. దీనికోసం ఒక అరగంట ముందుగా చేరండి.

ఫ్లాట్ టీవీ ఆలోచన ఉంటే మానుకోండి, అది సుంకం లేని సామాను పరిమితిలోకి రానే రాదు. ల్యాప్‌టాప్ అయితే 18 ఏళ్లు నిండిన ఒక్కొక్కరూ ఒకటి తెచ్చుకోవచ్చు.

నగదు విషయం కూడా: యూఏఈలోకి వెళ్లేటప్పుడైనా వచ్చేటప్పుడైనా 60,000 దిర్హమ్‌లకి మించితే చెప్పాలి. ఇండియాలో దిగేటప్పుడు విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటితే చెప్పాలి. లక్షన్నర బడ్జెట్‌కి ఈ రెండూ తగలవు లెండి.

కొత్త_ప్రయాణం:
అమ్మకి చదివి వినిపించాను. "అయితే కుంకుమపువ్వు, ఖర్జూరాలు చాలు" అంది. పసిడి_కాటా గారూ, వ్యాట్ తిరిగి రాబట్టుకోవడమంటే ఎలాగండి? బట్టలు, ఫోను కొంటే కూడా వస్తుందా?

లెక్కల_పద్దు:
నేను చెప్తాను. వ్యాట్ 5 శాతం 2018 జనవరి 1న వచ్చింది, పర్యాటకులకి వాపసు అదే ఏడాది నవంబరులో మొదలైంది. ప్లానెట్ అనే సంస్థ నడుపుతుంది. బట్టలు, ఫోను, వాచీ, నగ దేనికైనా వస్తుంది. తిన్నదానికీ హోటల్ గదికీ రాదు.

దుకాణం ఆ పథకంలో చేరి ఉండాలి, గుమ్మంలోనో కౌంటర్ దగ్గరో టాక్స్ ఫ్రీ గుర్తు ఉంటుంది. ఒక బిల్లు కనీసం 250 దిర్హమ్‌లుండాలి. డబ్బు కట్టే ముందే "టాక్స్ ఫ్రీ" అని చెప్పి పాస్‌పోర్టు చూపించాలి, బిల్లు అయిపోయాక గుర్తొస్తే కొందరు మళ్లీ తెరవరు. మీకు చేతికొచ్చేది మొత్తం వ్యాట్ కాదు, దానిలో 85 శాతం. అందులోంచి ఒక్కో బిల్లుకి 4.80 దిర్హమ్‌ల రుసుము.

ఇక్కడే చాలామంది నష్టపోతారు. 1,050 దిర్హమ్‌ల బిల్లులో వ్యాట్ 50, దానిలో 85 శాతం 42.50, రుసుము పోగా 37.70. అవే వస్తువులు 262.50 చొప్పున నాలుగు బిల్లులుగా కొంటే ఒక్కో దానికి 5.82 వస్తుంది, నాలుగూ కలిపినా 23.30. కాబట్టి ఒకే దుకాణంలో, ఒకే పూట, ఒకే పాస్‌పోర్టు మీద. అమ్మ చీర విడిగా, నాన్న చొక్కా విడిగా బిల్లు వేయించొద్దు.

తిరుగు ప్రయాణం రోజు పెద్ద పెట్టె చెకిన్‌లో ఇచ్చేయక ముందే వాపసు కౌంటర్‌కి వెళ్లాలి. వస్తువులు చూపించమని అడగొచ్చు, పెట్టె బెల్టు మీద వెళ్లిపోతే చూపించడానికి ఏమీ ఉండదు. కొన్న రోజు నుంచి 90 రోజుల్లోపు దేశం దాటించాలి. నగదుగా అడగొచ్చు, కార్డుకి వేయమనొచ్చు. కార్డుకి వేస్తే దిర్హమ్ మళ్లీ రూపాయి కావాలి కాబట్టి చిన్న మొత్తానికి నగదే మేలు. బిల్లు మీద టాక్స్ ఇన్వాయిస్ అని, 15 అంకెల టీఆర్ఎన్ (దుకాణం పన్ను నమోదు సంఖ్య) ఉందో లేదో చూసుకోండి. దేరా సందుల్లోని చిన్న కొట్లు చాలావరకు ఈ పథకంలో ఉండవు, అక్కడ బేరమే మీ వాపసు.

సుగంధాల_సంచి:
కుంకుమపువ్వు మాటొచ్చింది కాబట్టి. స్పైస్ సూక్‌లో (దేరాలోని మసాలా దినుసుల బజారు) గుట్టగా పోసి చవగ్గా అమ్మేది చాలాసార్లు కుసుమ పువ్వు. అది పసుపు, నారింజ కలిసిన పొడి రేకుల్లా ఉంటుంది. అసలు కుంకుమపువ్వు ముదురెరుపు పోగు, ఒక కొస సన్నాయి మూతిలా విచ్చుకుని ఉంటుంది. నాలుగు పోగులు చల్లటి నీళ్లలో వేయించండి. నిజమైనదైతే రంగు నెమ్మదిగా, బంగారు పసుపుగా దిగుతుంది, పోగు ఎర్రగానే నిలుస్తుంది. క్షణంలో నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబోయిందంటే రంగు పూసిన సరుకు. పొడి అసలు కొనవద్దు. ఇరాన్ సరుకులో నెగిన్, సర్గోల్ పూర్తి ఎరుపు పోగులు, పుషల్ అంటే చివర కొంత పసుపు కాడ కలిసినది. పుషల్‌ని నెగిన్ ధరకి అంటగడతారు, కాడ చూడండి. డబ్బాతో కాకుండా సరుకొక్కటే తూచి ఎన్ని గ్రాములో చెప్పమనండి.

జీడిపప్పు, పిస్తా, యాలకుల దగ్గర చెప్పిన ధర కిలోకా, 100 గ్రాములకా అన్నది ముందు తేల్చుకోండి. సంచిలో పోసేశాక "అది 100 గ్రాముల ధర" అంటారు. రుచి చూడమని చేతిలో పెడుతూనే మరో చేత్తో సంచి నింపుతుంటారు. "200 గ్రాములు, అంతే" అని ముందే చెప్పాలి. ఖర్జూరానికి సూక్ దాకా పోనక్కర్లేదు, పెద్ద సూపర్ మార్కెట్లో మెజ్జూల్, ఖలాస్, అజ్వా కిలో ధర రాసి ఉంటాయి. ముందు అక్కడ ధరలు చూసుకుని ఆ తర్వాత సూక్‌కి వెళ్తే బేరం మీ చేతిలో ఉంటుంది.

దేరా_గల్లీ:
బేరం ముచ్చట నేను జెప్త. సూక్‌ల హిందీ, ఉర్దూ మస్తు నడుస్తది, మన హైదరాబాద్ హిందీకి ఏం రంది లేదు. చెప్పిన ధరల సగం కాడ షురూ జేయాలె, మెల్లగ పైకి రావాలె. రెండోసారి తగ్గియ్యకుంటే నవ్వుకుంట బయటికి నడువుండ్రి, పిలిస్తే రేటు దొరికినట్టు, పిల్వకుంటే గదే ఆఖరు రేటు. కొనే మనసు లేనప్పుడు ఊకె ధర ఒప్పుకొని ఎన్కకు పోవుడు మంచిగుండదు. మాల్‌ల బోర్డు ధరే, అక్కడ బేరం జేసి నవ్వులపాలు గాకుండ్రి.

టైము జూస్కోండ్రి. సూక్‌ల మధ్యాహ్నం 1 నుంచి 4 దాక శానా దుకాండ్లు మూస్తరు, శుక్రవారం నమాజుకు పొద్దుగాలనే బందు వెడ్తరు. సాయంత్రం 5 దాటినంక పోతే ఎండా ఉండది, దుకాండ్లన్ని తెరిచుంటయి. రంజాన్ నెలల అయితే రాత్రి శానాసేపు నడుస్తది. కరామా దిక్కు "కాపీ వాచీ, బ్యాగు" అని చెవుల గుసగుస జెప్పెటోళ్ల ఎంబడి మెట్లెక్కి పోవద్దు. నకిలీ సరుకు కస్టమ్స్ పట్టుకుంటే పైసలు వాపస్ ఇచ్చెటోడు ఉండడు.

మెట్రోల, బస్సుల తిరుగుడుకు నోల్ కార్డు. సిల్వర్ 25 దిర్హమ్‌లు, అండ్ల 19 వాడుకోవచ్చు. మనిషికొకటి ఉండాలె, ముగ్గురికి ఒక్కటి నడ్వది. గోల్డ్ సూక్ స్టేషన్, అల్ రాస్ స్టేషన్ రెండూ గ్రీన్ లైన్ల ఉన్నయి. అల్ రాస్‌ల దిగితే స్పైస్ సూక్ దగ్గర.

చిట్టి_పద్దు:
మెట్రో గేటు తెరుచుకోవడానికి కార్డులో 7.50 ఉంటే చాలు కదా అన్నా?

దేరా_గల్లీ:
పాతది గది. 2024ల 15 జేసిండ్రు. 15కి తక్కువుంటే గేటు తెర్వదు, టికెటు 3 దిర్హమ్‌లదే అయినా సరే. గందుకే ఆఖరు రోజు ఎక్కువ నింపకుండ్రి, అండ్లనే ఇరుక్కపోతయి. మెట్రోల చూయింగ్ గమ్ నమిల్తె 100 దిర్హమ్‌లు జుర్మానా, అమ్మగారి వక్కపొడి డబ్బా సుత గదే లెక్క.

కొత్త_ప్రయాణం:
అమ్మ వక్కపొడి డబ్బా ఇంట్లోనే పెడుతుంది :) ఒకటే ప్రశ్న మిగిలింది. ఖర్చవగా మిగిలిన దిర్హమ్‌లు ఏం చేయాలి?

లెక్కల_పద్దు:
నోట్లయితే 2,000 డాలర్ల విలువ దాకా మళ్లీ ప్రయాణానికి ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లోపు డీలర్‌కి ఇచ్చేయాలి. కొన్నప్పటి రశీదు దాచుకోండి, అమ్మేటప్పుడు అడగొచ్చు. అమ్మే రేటు కొన్న రేటు కంటే తక్కువే ఉంటుంది కాబట్టి రెండు మూడు వందల దిర్హమ్‌లైతే విమానాశ్రయంలో ఖర్జూరాలకే పెట్టేయండి.

నాణేలు మాత్రం ఏ ఎక్స్‌ఛేంజీ తీసుకోదు. చట్టం ప్రకారం విదేశీ నాణేలు ఇంట్లో ఎన్నైనా ఉంచుకోవచ్చు, పరిమితే లేదు. ఉంచుకుని చేసేదీ లేదు!

గోదారి_గాలి:
అయ్యో, నాణేలకి అంతకంటే మంచి దారి ఉందండి. చివరి రోజు సాయంత్రం దేరా నుంచి బర్ దుబాయ్‌కి అబ్రా పడవ ఎక్కండి. మనిషికి 1 దిర్హమ్, పడవవాడికి చేతికే ఇవ్వాలి, నాణెమే సుఖం. పోను మూడు, రాను మూడు. కాఫీ కూజా బొమ్మ ఉన్నవి ఆరు విడిగా పెట్టుకోండి.